రంపం ఎనుక ఎవరు నిలబడాలె

రిటైర్ అయినంక నన్ను ఎవ్వరు బొగ్గు గురించి అడుగలేదు. ప్రమోషన్ల గురించి అసలే అడుగలేదు, మంచిదే అయింది, చెప్పెతందుకు పెద్దగ ఏం లేదు. అందరు అడిగేది ఒక్కటే. "అన్నా, ఇంటికాడ షెడ్డు ఏసుకున్న. కట్టె కోసుకునే మిషిన్ ఏది కొనాలె?"

గోదావరిఖనిల బొగ్గు బాయి నుంచి రిటైరై దిగిపోయినోళ్లకు ఇదొక కొత్త బీమారి. పొద్దున లేస్తె డ్యూటీ లేదు. చేతులు ఊరుకోవు. ఇంటెనుక రేకుల షెడ్డు ఏస్తరు, ఒక టేబుల్ రంపం తెస్తరు, పీటలు, స్టూళ్లు, దేవుని మందిరాలు చేస్తరు. చుట్టాలకు ఇస్తరు. చుట్టాలు వద్దనలేక తీసుకుంటరు. మా ఇంట్ల ఇప్పుడు మనుషుల కన్న పీటలు ఎక్కువున్నయి.

నేను బొగ్గు కంపెనీ సామిల్లుల కోత పని చేసిన. కార్పెంటర్‌గ చేరి, అదే మిల్లుల దిగిపోయిన. కొత్తగ ఈ పనిలకు వచ్చేటోళ్లు, ఇంటికాడ మిషిన్ పెట్టుకునేటోళ్లు చదువుకోవాలెనని ఇది రాస్తున్న. మిషిన్ గురించి రాద్దామని కూసున్న. రాస్తుంటె మనుషుల గురించే ఎక్కువైంది.

సామిల్లు అంటె ఏంది

బాయిల పైకప్పు కూలకుండ కట్టెలు నిలబెడ్తరు. బోగీల పట్టాల కింద కట్టె దిమ్మెలు పరుస్తరు. ఇప్పుడు శానా మటుకు ఇనుము వచ్చింది గని, నేను చేరినప్పుడు బాయి అంత కట్టె మీదనే నిలబడి ఉండె. ఆ కట్టె మొత్తం మా కాడికి మొద్దులుగ వచ్చేది. మేం కోసి లోపలికి పంపేది.

మిల్లు రంపం అంటె మనిషి నడుము దాక వచ్చే గుండ్రని బ్లేడు. దాని ముంగట ఒకడు నిలబడి కట్టెను తోస్తడు. ఎనుక ఇంకొకడు నిలబడి కోసిన కట్టెను అందుకుంటడు. ముంగటోన్ని మిస్త్రీ అనేది. ఎనుకటోనికి పేరు లేదు, ఎనుకమనిషి అనేది. జీతం స్లిప్పు మీద ఏదో హోదా ఉండేది గాని ఎవ్వరు ఆ పేరుతోని పిలువలేదు.

బాయిల ఒక కాయిదా ఉంటది. లోపల ఎవ్వడు ఒక్కడు పని చెయ్యొద్దు. జోడీ లేనిది అడుగు పెట్టొద్దు. పైన బండ ఎప్పుడు మాట్లాడుతదో తెల్వదు. ఒకని మీద పడితె ఇంకొకడు గుంజాలె. ఇది మా వాళ్ల రక్తంల కలిసిపోయింది. మార్కెట్‌ల కూరగాయలకు గూడ ఇద్దరు పోతరు. ఒకడు బేరమాడుతడు, ఇంకొకడు ఊకెనే నిలబడుతడు.

ఈ అలవాటే ఇంటికాడి రంపం కాడ పాణం మీదికి తెస్తది. అది తర్వాత చెప్త.

గ్లౌజుల లొల్లి

ముందు బాసుల సంగతి చెప్పాలె. నాకు ఇద్దరు బాసులు యాదికున్నరు. మిగిలినోళ్లు వచ్చిండ్రు, సంతకాలు పెట్టిండ్రు, పోయిండ్రు.

ఒకాయన సేఫ్టీ చూసేటోడు. మంచోడు, గట్టిగ మాట్లాడెటోడు. ఆయన రూల్ ఏందంటె, పని చేసే ప్రతోని చేతికి గ్లౌజులు ఉండాలె. బాయిల ఈ రూల్ సరిగ్గ ఉంటది. తిరిగే రంపం కాడ ఈ రూల్ మనిషిని తింటది. ఒట్టి చెయ్యికి పన్ను తాకితె చర్మం తెగుతది, చెయ్యి ఎనుకకు వస్తది. గ్లౌజుకు తాకితె పన్ను బట్టను పట్టుకుంటది, చెయ్యి మొత్తాన్ని లోపలికి గుంజుతది. మెడల తువ్వాల గూడ అంతే.

ఈ మాట ఆయనకు చెప్పినం. ఆయన విన్నడు. విని, "గ్లౌజులు ఏసుకోండి" అన్నడు. ఇగ ఏం చేస్తం, ఆయన తనిఖీకి వచ్చినప్పుడల్ల మిషిన్ బంద్ చేసి, గ్లౌజులు తొడుక్కొని, బ్లేడు పక్కన నిలబడేది. ఫొటో దిగేది. ఆయన పోయినంక గ్లౌజులు ఇప్పి పని చేసేది. సేఫ్టీ వారం మొత్తం మా మిల్లుల చాలా సేఫ్టీగ ఉండె, ఎందుకంటె ఒక్క కట్టె గూడ కొయ్యలే.

అందుకే చెప్తున్న. మీ ఇంట్ల కంపెనీ ఇచ్చిన గ్లౌజులు సంచి నిండ ఉంటయి, నాకు తెలుసు. అవి రంపం కాడికి తేవొద్దు. చెట్లకు నీళ్లు పోసేటప్పుడు ఏసుకోండి.

ప్రసాదరావు సారు గీత

ఇంకో బాసు ప్రసాదరావు సారు, కృష్ణా జిల్లా దిక్కు నుంచి వచ్చిన ఇంజినీరు. కట్టె గురించి ఆయనకు ఏం తెల్వదు. మద్దికి, టేకుకు తేడా తెల్వదు. తెలుసని ఎన్నడు చెప్పలే గూడ, అది ఆయన గొప్ప.

ఆయన వచ్చిన కొత్తల మా ఎనుకమనిషి మొగిలికి దెబ్బ తాకింది. మొగిలి అంటె ఆగమాగం చేసే మనిషి గాదు. నాకన్న నిమ్మలంగ పని చేసేటోడు. ఆ రోజు తడి మద్ది మొద్దు కోస్తున్నం. తడి కట్టెను కోస్తుంటె కోసిన సందు మూసుకపోతది, బ్లేడును పట్టుకుంటది. కట్టె ఆగింది. మొగిలి ఎనుక నుంచి జర పక్కకు పెట్టి గుంజిండు. అంతే. బ్లేడు కట్టెను ఎగరేసి నా దిక్కు ఇసిరింది. నేను పక్కకున్న, నాకు తాకలే. మొగిలి చెయ్యి కట్టెను గట్టిగ పట్టుకొని ఉండె. కట్టెతోపాటు అది గూడ బ్లేడు మీదికి వచ్చింది.

దవాఖానకు పోయి చూస్తె మొగిలి ఒక మాట అన్నడు. "చెయ్యి నేను పెట్టలేదే. కట్టె తీస్కపోయింది." ఎడమచేతి ఏళ్లు పోయినయి. తర్వాత ఆయనకు లోపలికి పోయేటోళ్లకు టోపీ లైట్లు ఇచ్చే రూంల పని ఇచ్చిండ్రు. ఒక్క చేత్తో లైటు అందిస్తుంటె, తీసుకునేటోడు తల దించుకొని పోయేది. నేను గూడ అట్లనే పోయిన.

ప్రసాదరావు సారు మమ్ముల్ని ఏం అడుగలే. ఒక స్టూలు తెచ్చుకొని మిల్లుల కూసున్నడు. షిఫ్టంత చూసిండు. పోయేటప్పుడు నన్ను పిలిచి, "మల్లేశం గారూ, ముందున్నాయనకి కట్టె ఏం చేస్తోందో చేతికి తెలుస్తుందండీ. వెనకాయనకి ఏం తెలుస్తుంది?" అన్నడు.

ఏం తెల్వదు సార్ అన్న.

"మరి ఏం తెలియనాయన చేత లాగిస్తున్నారేంటండీ?"

తెల్లారి ఎనుక దిక్కు టేబుల్‌ను పొడుగు చేయించిండు, నేల మీద పసుపుపచ్చ గీత గీయించిండు. ఎనుకమనిషి ఆ గీత దాటొద్దు. కట్టె పూర్తిగ బ్లేడు దాటి, దానంతట అది గీత కాడికి వస్తెనే ముట్టాలె. మా వాళ్లు నవ్విండ్రు. కబడ్డి ఆడిపిస్తుండని అన్నరు. నేను దిగిపోయేదాక మాత్రం ఎనుకమనిషికి మల్ల దెబ్బ తాకలే.

బాసు అంటె పని తెలిసినోడే కావాలెనని ఏం లేదు. కూసోని చూసే ఓపిక ఉంటె సాలు. సేఫ్టీ సారుకు పుస్తకమంత నోటికొచ్చు. ఆయన మా మిల్లుల ఒక్కసారి గూడ కూసోలే.

ఇనుప రంపం, రెడీమేడ్ రంపం

ఇప్పుడు మీరు అడిగిన సంగతికి వస్త. మా దిక్కు రెండు రకాలు దొరుకుతయి.

ఒకటి మన కాడనే తయారయ్యేది. బస్టాండ్ దిక్కు యాకూబ్ భాయి వెల్డింగ్ షాపు ఉంది. మందం ఇనుప పలకతోని టేబుల్, కింద పాత మోటరు, బెల్టు, పెద్ద బ్లేడు. నలుగురు మోస్తె గని జరుగదు. దాన్ని చూస్తె మా వాళ్లకు పాణం లేచి వస్తది. బరువుంటె మంచిదని మా లెక్క, బాయిల బరువున్నదే నిలబడుతది గదా. యాకూబ్ భాయి గూడ దాన్ని గట్లనే అమ్ముతడు. "మల్లన్నా, ఇది మీ మిల్లు మిషినుకు చోటా భాయి. పత్తర్ పెట్టినా కోస్తది, ఫికర్ మత్ కరో." అబద్ధం గాదు. వణుకదు, గీత తప్పదు, మందం టేకును సబ్బు లెక్క కోస్తది.

తక్కువలు చెప్తున్న, రాసుకోండి. బ్లేడు మీద మూత ఉండదు. బ్లేడు ఎనుక సన్నని ఇనుప రేకు ఒకటి నిలబడి ఉండాలె, కోసిన సందు మూసుకపోకుండ అది ఆపుతది. అది ఉండదు. అడిగితె యాకూబ్ భాయి పెడ్తడు. కాని బ్లేడును కిందికి మీదికి జరిపితె ఆ రేకు జరుగదు, రెండు దినాలకు అడ్డమొస్తుందని మనమే పీకేస్తం. స్విచ్చు గోడకు ఉంటది. బంద్ చేసినా బ్లేడు మస్తు సేపు తిరుగుతది.

రెండోది కరీంనగర్‌ల షాపులల్ల దొరికే రెడీమేడ్ రంపం. తేలిక. కాళ్లు మడిచి మూలకు పెట్టొచ్చు. నడిస్తె చెవులు పగులుతయి, పక్కింటోళ్లు లొల్లికి వస్తరు. పెద్ద పలక పెడితె టేబుల్ సాలదు, మందం కట్టె ఒక్క దెబ్బకు తెగదు. చూస్తె పిల్లల ఆట సామాను తీరుగ కొడుతది. కాని మూత ఉంటది, ఎనుక రేకు బ్లేడుతోపాటే లేస్తది, దిగుతది. ముంగట పెద్ద ఎర్ర బటన్ ఉంటది. మోకాలితోని కొట్టినా ఆగుతది.

ఏది కొంటవని నన్ను పోయిన ఎండకాలం అడిగితె, ఇనుపదే అని చెప్పేటోన్ని. సోంచాయించకుండ చెప్పేటోన్ని. అదే చెప్పబోయిన గూడ, ఓదెలు బావకు.

ఓదెలు బావ షెడ్డు

ఓదెలు బావ బాయిల కట్టెలు నిలబెట్టే సపోర్ట్‌మన్. నేను పైన కోస్తె ఆయన కింద నిలబెట్టేటోడు. మందమర్రిల చేరి, బదిలీ మీద గోదావరిఖనికి వచ్చిండు. చుట్టరికం లేకున్నా బావ అని పిలుచుకున్నం. ఆయన పెండ్లాం భాగ్య నాకు చెల్లె వరుస. చెల్లె ముంగటి అర్రల జాకెట్లు కుడుతది. కాలనీల ఆమె కుట్టినట్టు ఎవ్వరు కుట్టరు. చంకల కాడ ముడత రాదని ఆడోళ్లు రామగుండం నుంచి వస్తరు. బావకొచ్చే పెన్షన్ చెప్పుకునే తీరుగ లేదు, ఇల్లు నడిచేది ఆ కుట్టుమిషిన్ మీదనే.

బావ పాత టేకుతోని దేవుని మందిరాలు చేస్తడు. పవర్‌హౌస్ కాలనీ నుంచి మస్తు మంది అడుగుతున్నరని, పెద్ద రంపం కొంటనని నన్ను పిలిచిండు. "నువ్వు ఏది అంటె అదే మల్లన్న. నాకు తెల్వది గాదు, నీ నోట రావాలె." యాకూబ్ భాయి కాడ మిషిన్ చూసి చెయ్యి పెట్టి నిమిరి గూడ వచ్చిండు. నేను తల ఊపితె సాలు.

షెడ్డుల జాగ సరిపోతదా అని చూడబోయిన. అక్కడ కరెంటు చేతి కటర్‌ను బ్లేడు పైకి లేచేటట్టు పలక కింద బోర్లించి బిగించుకొని ఉన్నడు, దాంతోనే ఇన్ని దినాలు పని చేసుకుంటున్నడు. ఒక కోత చూపెట్టు బావ, నీ చెయ్యి ఎట్లుందో చూస్త అన్న.

ఆయన పలక పెట్టిండు. స్విచ్చు ఎయ్యకముందు ఇంటి దిక్కు తిరిగి పిలిచిండు. "ఓ భాగ్యా."

కుట్టుమిషిన్ చప్పుడు ఆగింది. చెల్లె వచ్చింది, మెడల కొలిచే టేపు ఏలాడుతుంది. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ అన్నా, చాయ్ తాగినవా" అనుకుంటనే రంపం ఎనుకకు పోయి నిలబడ్డది. ఎవ్వరు చెప్పకముందే రెండు చేతులు ముంగటికి చాపింది. బ్లేడుకు జానెడు దూరం గూడ లేదు.

ఆగు బావ అన్న. గట్టిగనే అన్న. ఆయన స్విచ్చు మీద నుంచి చెయ్యి తీసిండు.

ఎన్ని దినాల నుంచి ఇట్ల అని అడిగితె, చెల్లె నవ్వింది. "మొదటి సంది ఇంతే గదన్నా. ఆయన తోస్తడు, నేను అందుకుంట."

మిల్లుల ఎనుకమనిషికి ఏమైతదో ఓదెలు బావకు తెలుసు. మొగిలి చేతుల నుంచి ఆయన గూడ టోపీ లైటు తీసుకున్నడు. అదే చెప్పిన. చెల్లెను ఇంట్లకు పంపు, ఒక్కనివే చేసుకో, ఇంటి రంపం ఒక్కడు చేసే పని అన్న. బావ మొండికేసిండు.

"ఒక్కన్ని ఎట్ల చేస్త? బాయిల ఎన్నడన్న ఒక్కడు పని చేసిండా?"

"ఇది బాయి గాదు బావ, నీ ఇంటెనుక షెడ్డు."

"నాకు షెడ్డు, బాయి ఒక్కటే." పలక తీసి పక్కకు పెట్టిండు. మల్ల అన్నడు. "బాయిల నా మీద బండ పడ్డనాడు నడుము దాక దాని కిందనే ఉన్న. మీదున్న కట్టెలు ఒక్కొక్కటి ఇరుగుతున్నయి. నా జోడీగాడు ఉరుకలే. చెయ్యి పట్టుకొని గుంజిండు. వాడు లేకుంటె నేను ఇక్కడ లేను. అవతల ఒక మనిషి లేకుంటె నాకు చేతులు ఆడయి మల్లన్న. నీకు నవ్వులాట ఉండొచ్చు."

నాకేం నవ్వు రాలే. చెల్లె దిక్కు తిరిగి అడిగిన. నీకు భయమైతలేదా తల్లీ?

"భయమే అన్నా," అన్నది, జాకెట్టు కొలత చెప్పినట్టు. "ప్రతిసారి భయమే. ఏళ్లు పోతె నేను సూది ఎట్ల పట్టాలె? కాని ఆయన ఒక్కడు షెడ్డుల ఉంటె చెమటలు పడ్తయి, పలక వంకర పోతది. అవతల నా చేతులు కనబడ్తె నిమ్మలంగ ఉంటడు. అందుకే నిలబడుత."

ఈ మాట బావ మొదటిసారి విన్నట్టున్నడు. ఆమె దిక్కు చూసి, నేల దిక్కు చూసిండు. చాయ్ గూడ తాగకుండ వచ్చేసిన.

ఎర్ర బటన్ కాడ

రంపం ఎంచుకునుడు అంటె మోటరు, బ్లేడు, పలక మందం చూసుడనుకున్న ఇన్నేండ్లు. ఆ దినం నుంచి నేను ముందు అడిగేది వేరే ఉంది. నీతోపాటు షెడ్డుల ఎవరుంటరు, యాడ నిలబడుతరు? మా వాళ్లను ఒంటరిగ చెయ్యమంటె చెయ్యరు. చెయ్యమని చెప్పుడు బేకార్. ఇంకో మనిషి ఉంటడనే అనుకొని మిషిన్ కొనాలె.

బాయిల బోగీలను తాడుతోని గుంజే మిషిన్ కాడ గంట కొట్టెటోడు ఒకడుంటడు. వాడు బోగీ ముట్టడు, తాడు ముట్టడు. ఏదన్న తేడా వస్తె గంట కొడుతడు, అన్ని ఆగుతయి. వాడు గూడ జోడీనే. ఈ సంగతి తట్టినంక మల్ల బావ ఇంటికి పోయిన. రెడీమేడ్‌ది కొను అన్న. చెల్లె ఎనుక గాదు, ముంగట నిలబడుతది, నీ పక్కన, ఎర్ర బటన్ మీద చెయ్యి పెట్టి. నీకు చేతులు కనబడ్తయి. ఎనుక దిక్కు ఒక బల్ల ఏస్తె కోసిన కట్టె దాని మీద పడుతది, అది ఎవ్వరు పట్టుకునే పని లేదు.

బావకు ఆ మిషిన్ నచ్చలే. "నువ్వు గూడ ఇది కొనుమంటవా? నలభయేండ్ల మిస్త్రీవి. మందం టేకు ఎట్ల కొయ్యాలె దీంతోని?" అన్నడు. రెండు దిక్కుల నుంచి కొయ్యి, ఆలిస్యమైతది, ఏం తొందరున్నది, షిఫ్టు లేదు గదా అన్న. కొన్ని దినాలు నాతోని మాట్లాడలే. యాకూబ్ భాయి గూడ మాట్లాడలే, గిరాకి చెడగొట్టిన అని. తర్వాత ఒకనాడు బావనే ఫోన్ చేసి, మిషిన్ వచ్చింది, రా అన్నడు.

చెల్లెను బటన్ కాడ నిలబెట్టి, బల్ల ఏసి, నేను పక్కకు జరిగిన. ఎనుక ఖాళీగ ఉండుడు బావను సతాయించింది, రెండు మూడుసార్లు అటు చూసిండు. భాగ్య, "ఇటు చూడు, నేనిక్కడున్న" అన్నది. కోత మొదలుపెట్టిండు. పాత తలుపు పలక అది. నున్నగ తుడిచి, మేకులన్ని పీకినమనే అనుకున్నం. లోపల ఒకటి ఇరిగి ఉండిపోయింది.

సగం దాటినంక బ్లేడు దానికి తాకింది. నిప్పురవ్వ లేచింది, పలక ఎగిరి ఒక్క ఊపుల ముంగటికి, బావ దిక్కు జరిగింది, మిషిన్ మీద దబ్బున కొట్టుకున్నది. చెల్లె బటన్ కొట్టింది. బ్లేడు ఆగింది. బావకు ఏం కాలే, పక్కకు నిలబడి ఉండె.

బావ చుట్టు తిరిగి రంపం ఎనుకకు పోయిండు. చెల్లె రోజు నిలబడే జాగల నిలబడ్డడు. ఆమె చేతులు చాపినట్టే తన చేతులు చాపి, పలక కొస ఆ చేతుల కాడి నుంచి బ్లేడు మీదికి ఎట్ల జరిగిందో చూసిండు. మల్ల ముంగటికి వచ్చి, భాగ్య రెండు చేతులు పట్టుకున్నడు. ఏళ్లు ఒక్కొక్కటి ముట్టి చూసుకుంటున్నడు, సూది గుచ్చుకున్న గుంటలున్న ఏళ్లు.

"ఇడువు," అన్నది చెల్లె. "బయట ఒకామె కూసున్నది, జాకెట్టు తీస్కపోయెతందుకు వచ్చింది."

బావ ఇడువలే. నేను పోయి మిషిన్ ప్లగ్గు పీకి, బయట కూసున్నామెకు ఇంకా జర సేపు పడుతదని చెప్పిన.